రుబెల్లా ఐజీజీ నెగెటివ్ వచ్చింది, పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం, ఎంఎంఆర్ వేయించుకోవాలా?

తెనాలి_అమ్మాయి

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నాకు 28, పెళ్లయి ఏడాదిన్నర, కూకట్‌పల్లిలో అత్తగారు వాళ్లతోనే ఉంటాం. ఈ ఏడు పిల్లల కోసం చూద్దాం అనుకుని గైనిక్ దగ్గరికి వెళ్తే థైరాయిడ్, షుగర్, హెచ్‌బీ వాటితో పాటు రుబెల్లా ఐజీజీ (రుబెల్లా అనే దద్దుర్ల జబ్బుకి ఒంట్లో రక్షణ ఉందో లేదో చూసే రక్త పరీక్ష) కూడా రాశారు. అన్నీ నార్మల్, రుబెల్లా ఐజీజీ మాత్రం నెగెటివ్. డాక్టరమ్మ రిపోర్ట్ చూసి నీకు ఇమ్యూనిటీ లేదు, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) ఇంజెక్షన్ వేయించుకో, ఆ తర్వాత ఒక నెల ప్రెగ్నెన్సీ రాకుండా చూసుకో అని రెండు ముక్కల్లో చెప్పేశారు, బయట అంత మంది వెయిటింగ్‌లో ఉంటే ఇంకేం అడుగుతాం.

ఇంటికొచ్చి చెప్తే రచ్చ మొదలైంది. మా ఆయనేమో నెగెటివ్ అంటే జబ్బు లేనట్టేగా, మళ్లీ ఇంజెక్షన్ ఎందుకు అంటాడు. అత్తయ్యేమో చంటిపిల్లలకి వేసే టీకా నీకెందుకే, చిన్నప్పుడు నీకు తట్టు పోసిందని మీ అమ్మే చెప్పింది కదా, ఒకసారి పోస్తే మళ్లీ రాదు అంటారు. అది నిజమే, రెండో క్లాసులో నాకు పోసింది, వేపాకులు పరిచి పడుకోబెట్టారంట, స్కూల్ మాన్పించారంట. మరి అలాంటప్పుడు నెగెటివ్ ఎందుకు వచ్చినట్టు?

అసలు టెన్షన్ ఇంకోటి ఉంది. మా ఆడపడుచుకి ఇప్పుడు మూడో నెల నడుస్తోంది, వేవిళ్లు ఎక్కువగా ఉన్నాయని పుట్టింటికి వచ్చి మాతోనే ఉంటోంది. తనకి వేరే చోట టార్చ్ అని, కడుపులో బిడ్డకి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్లకి కలిపి చేసే పెద్ద ప్యాకేజీ టెస్ట్ చేశారు, అందులో రుబెల్లా ఐజీజీ పాజిటివ్. శాంపిల్ తీసుకున్న చోట ఎవరో ఇన్ఫెక్షన్ ఉంది మేడమ్ అన్నారంట, అప్పట్నుంచి అన్నం తినట్లేదు, గూగుల్ చూస్తా ఏడుస్తా కూర్చుంటోంది. ఐజీఎం నెగెటివ్ అని ఉంది ఆ కింద లైన్లో. నేను వేయించుకునేది లైవ్ వ్యాక్సిన్ (బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసేది) అంట కదా, నా నుంచి తనకి అంటుతుందా? తన కాన్పు అయ్యేదాకా నేను ఆగాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పప్పుచారు_99

వేయించుకో సిస్టర్, ఇందులో ఆలోచించేదేం లేదు. నేను ఎంఎస్‌కి వెళ్లేముందు అమీర్‌పేటలో వేయించుకున్నా, యూనివర్సిటీ వాళ్లు ఎంఎంఆర్ రెండు డోసుల ప్రూఫ్ లేకపోతే రిజిస్ట్రేషన్ హోల్డ్ పెడతారు. మా బ్యాచ్‌లో అమ్మాయిలు అబ్బాయిలు అందరం లైన్లో నిలబడి చేతులు చాపాం, ఒక్కరూ పోలేదు 😀. ఒక రోజు చెయ్యి నొప్పి అంతే. మా రూమ్మేట్‌కి మాత్రం పది రోజుల తర్వాత వేళ్ల కీళ్లు పట్టేసినట్టు అనిపించి తర్వాత తగ్గిపోయింది, ఆడవాళ్లలో అలా కొంతమందికి వస్తుందని ముందే చెప్పారు. మిగతా డౌట్లు డాక్టర్లు ఎవరైనా ఉంటే చెప్తారు.

ల్యాబ్‌కోటు

మైక్రోబయాలజీ పీజీ చేసి విజయవాడలో ల్యాబ్ చూస్తున్నా, ఇలాంటి రిపోర్టులు పట్టుకుని రోజూ ఎవరో ఒకరు కంగారుగా వస్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

ముందు మీ ఆడపడుచుగారికి అన్నం తినమని చెప్పండి. ఐజీజీ అంటే పాత రక్షణని చూపించే యాంటీబాడీ, ఐజీఎం అంటే ఈమధ్య సోకితే కనపడేది. ఐజీజీ పాజిటివ్, ఐజీఎం నెగెటివ్ అంటే ఆవిడకి ఎప్పుడో చిన్నప్పుడు రుబెల్లా వచ్చి పోయింది, లేకపోతే టీకా పడింది, ఒంట్లో రక్షణ తయారుగా ఉంది అని అర్థం. ఐజీజీ ఒకసారి వచ్చాక దాదాపు జీవితాంతం ఉంటుంది, కడుపులో బిడ్డకి అది మేలే చేస్తుంది, ఆ యాంటీబాడీలే మాయ ద్వారా బిడ్డకి వెళ్లి పుట్టాక మొదటి నెలల్లో కాపాడతాయి. దాన్ని ఇన్ఫెక్షన్ అని చెప్పినవాళ్లకి రిపోర్ట్ చదవడం రాదు, ఇంతకంటే మర్యాదగా చెప్పలేను. టార్చ్ ప్యానెల్ అనేది కడుపుతో ఉన్న ప్రతి ఒక్కరికీ రొటీన్‌గా చేయాల్సిన టెస్ట్ కాదు, మన దగ్గర ప్యాకేజీలో కలిపేసి అందరికీ చేసేస్తున్నారు, అందులో ఏదో ఒకటి పాజిటివ్ రావడం, ఇంటిల్లిపాదీ ఏడవడం. అబార్షన్లు అయినవాళ్లకి ఈ ఐజీజీ చూపించి ఇదే కారణం అని నెలల తరబడి మందులు వాడించడం కూడా చూశా. పాత ఐజీజీకి మందులు ఉండవు, అవసరమూ లేదు.

ఐజీఎం పాజిటివ్ వస్తే అది వేరే కథ, అప్పుడు కూడా వెంటనే బెంబేలెత్తకూడదు ఎందుకంటే ఐజీఎం తప్పుడు పాజిటివ్‌లు చాలా వస్తాయి, వేరే వైరల్ జ్వరాలకి కూడా వచ్చేస్తుంది. మళ్లీ శాంపిల్ తీసి, ఐజీజీ అవిడిటీ అని ఇంకో టెస్ట్ చేసి, ఇన్ఫెక్షన్ కొత్తదా పాతదా తేల్చుకున్నాకే ఏ నిర్ణయమైనా.

ఇక మీ సంగతి. మీ రెండో క్లాసు తట్టు, రుబెల్లా వేరు వేరు వైరస్‌లు. ఒకటి వస్తే రెండోదానికి రక్షణ రాదు. పైగా ఒంటి మీద ఎర్రగా ఏది లేచినా మనవాళ్లు అమ్మవారు అనేస్తారు, అప్పుడు మీకు వచ్చింది ఏదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, రక్త పరీక్ష చెప్పేదే లెక్క. మీది నెగెటివ్, అంటే ఇప్పుడు రుబెల్లా ఉన్న ఎవరి పక్కనైనా కూర్చుంటే మీకు రావొచ్చు. మామూలుగా అయితే అది చాలా చిన్న జబ్బు, కొద్దిగా జ్వరం, ముఖం మీద మొదలై ఒంటికి పాకే దద్దుర్లు, చెవుల వెనక మెడ వెనక బిళ్లలు కట్టడం, మూడు రోజుల్లో మాయం. చాలామందికి అసలు ఏ లక్షణమూ ఉండదు. కానీ గర్భం వచ్చిన కొత్తలో, మొదటి 12 వారాల్లో వస్తే మాత్రం 90 శాతం దాకా బిడ్డకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. కంట్లో శుక్లం, గుండెలో లోపాలు, చెవుడు, తల ఎదగకపోవడం, లేదా గర్భం నిలవకపోవడం. 20 వారాలు దాటాక ఆ ప్రమాదం చాలా తగ్గిపోతుంది. ఒకసారి బిడ్డకి సోకాక దానికి ఏ మందూ లేదు, ఉన్నదల్లా ముందే టీకా వేసుకోవడం.

అందుకే మీ డాక్టరమ్మ చెప్పింది కరెక్ట్, ఇంకాస్త నోరు విప్పి చెప్పి ఉంటే ఈ పోస్ట్ ఉండేది కాదు. మీ నుంచి ఆడపడుచుకి అంటుతుందన్న భయం వద్దు, ఎంఎంఆర్ వేసుకున్నవాళ్ల నుంచి పక్కవాళ్లకి ఆ వైరస్ వెళ్లదు. ఇంట్లో గర్భిణి ఉంటే మిగతావాళ్లు వేయించుకోవడమే ఆవిడకి మంచిది. కాన్పు దాకా ఆగాల్సిన పని లేదు.

నాకెందుకులే

అందరూ ఇంత సీరియస్‌గా రాస్తుంటే ఒక మాట అంటా తిట్టుకోకండి. మా నాయనమ్మకి ఎనిమిది మంది, మా అమ్మకి నలుగురం, ఎవరూ ఏ ఎంఎంఆర్ వేయించుకోలేదు, అందరం రాయిలా ఉన్నాం. ఇప్పుడు పెళ్లవగానే ఈ టెస్ట్ ఆ టెస్ట్ ఈ ఇంజెక్షన్, కార్పొరేట్ హాస్పిటల్స్ బిజినెస్ కాకపోతే ఏంటి ఇది. అంత ప్రమాదం అయితే ఇన్నేళ్లూ గవర్నమెంట్ ఎందుకు వెయ్యలేదు? 2017లో స్కూళ్లలో వేసినప్పుడు కూడా పిల్లలు పుట్టకుండా చేస్తారని వాట్సాప్‌లో తిరిగింది కదా.

చెవులపిల్ల

వైజాగ్‌లో ఆడియాలజిస్ట్‌ని, వినికిడి పరీక్షలు చేస్తా. పైన అన్నకి జవాబు రాయకుండా ఉండలేకపోతున్నా.

రాయిలా ఉన్నవాళ్లే వచ్చి మేం రాయిలా ఉన్నాం అని రాస్తారు. వినపడని పిల్లాడు ఫోరమ్‌లో కనపడడు. మా గదికి వచ్చే కేసుల్లో ఒక రకం ఎలా ఉంటుందో చెప్తా. ఏడాదిన్నర బిడ్డ, కళ్లకి అప్పటికే శుక్లాల ఆపరేషన్ అయి సోడాబుడ్డి కళ్లద్దాలు, ఎలాస్టిక్ బ్యాండుతో తల వెనక్కి కట్టి ఉంటాయి. గుండెలో చిన్న గొట్టం మూసుకోలేదని ఫైల్లో ఎకో రిపోర్ట్. కంచం కింద పడేసినా తిరిగి చూడట్లేదు అని అమ్మమ్మ చెప్తుంది. పాపని నిద్రపుచ్చి నుదుటి మీద, చెవుల వెనక వైర్లు అంటించి బెరా టెస్ట్ (శబ్దానికి మెదడు స్పందిస్తోందా అని చూసేది) పెడతాం, శబ్దం పెంచుకుంటూ పోతాం, స్క్రీన్ మీద రావాల్సిన గీతల కొండలు రావు, చదునుగా పోతూనే ఉంటుంది. ఆ తర్వాత తల్లిని కడుపుతో ఉన్నప్పుడు జ్వరం ఏమైనా వచ్చిందా అమ్మా అని అడిగితే, ఆఁ రెండో నెలలోనో మూడో నెలలోనో ఒంటి మీద ఎర్రగా పేలింది, వేడి చేసిందనుకున్నాం, మూడు రోజుల్లో పోయింది అంటుంది. అప్పటికి రుబెల్లానే అని రక్తంలో నిరూపించడం కూడా కష్టం, బిడ్డకి ఏడాది దాటిపోయి టీకా కూడా పడి ఉంటుంది కాబట్టి ఐజీజీ ఎక్కడిదో తేలదు. అందుకే ఇలాంటి పిల్లల్లో చాలామంది ఏ లెక్కలోకీ ఎక్కరు.

అన్ని చెవుడు కేసులూ రుబెల్లా వల్లే అని నేను అనట్లేదు, మన వైపు మేనరికాలు కూడా పెద్ద కారణమే, నెలలు నిండకుండా పుట్టడం, కామెర్లు ముదరడం ఇవన్నీ ఉన్నాయి. కానీ మిగతావాటిలో చాలావరకు మన చేతుల్లో ఉండదు, ఇది ఒక్క ఇంజెక్షన్‌తో ఆగేది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) ఉంది, అది లక్షల ఖర్చు తప్పిస్తుంది, తర్వాత ఏళ్ల తరబడి మాటలు నేర్పించే థెరపీకి ఆ తల్లి ఉద్యోగం మానేసి బస్సుల్లో తిరగాల్సిందే.

ఇంకోటి, ఇది కార్పొరేట్ హాస్పిటళ్లు కనిపెట్టిన సంగతి కాదు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అని కంటి డాక్టర్ ఉండేవాడు. ఉన్నట్టుండి పుట్టుకతో శుక్లాలు ఉన్న చంటిపిల్లలు వరసగా రావడం మొదలైంది, వాళ్ల తల్లులు మాట్లాడుకుంటుంటే విన్నాడంట, ఇద్దరికీ కడుపుతో ఉన్నప్పుడు జర్మన్ మీజిల్స్, అంటే రుబెల్లానే, వచ్చిందని. అంతకుముందు ఏడాదే ఆస్ట్రేలియాలో అది బాగా వ్యాపించింది. కూర్చుని లెక్క తీస్తే 78 మంది పిల్లల్లో 68 మంది తల్లులకి గర్భం కొత్తలో ఆ జబ్బు వచ్చి ఉంది. అప్పటిదాకా పిల్లల ఉత్తుత్తి జబ్బు అనుకున్నది ఇంత పని చేస్తుందని ఎవరికీ తెలియదు, చాలామంది డాక్టర్లు మొదట్లో నమ్మలేదు కూడా. తర్వాత 1964, 65లో అమెరికాలో పెద్ద ఎత్తున వచ్చినప్పుడు 1.25 కోట్ల మందికి సోకి 20 వేల మంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారు. ఆ దెబ్బకే 1969లో అక్కడ టీకా వచ్చింది.

ల్యాబ్‌కోటు

@నాకెందుకులే మీ నాయనమ్మగారి ప్రశ్న నిజానికి మంచిది. అప్పట్లో ఊళ్లో రుబెల్లా ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది, ఎక్కువమంది ఆడపిల్లలకి పెళ్లీడు రాకముందే వచ్చిపోయేది, అలా వచ్చిపోయినవాళ్లకి కడుపులో బిడ్డకి భయం లేదు. మీ ఇంట్లో అందరూ ఆ బాపతు అయ్యుంటారు. రాకుండా మిగిలిపోయిన కొద్దిమందిలో ఎవరికి ఏమైందో ఊళ్లో వేరే ఇంటి కథ, దానికి ఇంకేదో పేరు పెట్టి ఉంటారు, గ్రహణం మొర్రి అన్నట్టే గ్రహణం చెవుడు అనుంటారు.

ఇన్నేళ్లు ఎందుకు వెయ్యలేదు అంటే దాని వెనక ఒక లెక్క ఉంది. ఈ టీకాని సగం సగం వేస్తే మొదటికే మోసం. గ్రీస్‌లో 1975 నుంచే ఎంఎంఆర్ దొరికేది కానీ సగం మందికి కూడా పడలేదు. దాంతో వైరస్ తిరగడం తగ్గింది కానీ ఆగలేదు, చిన్నప్పుడు రావాల్సినవాళ్లకి రాలేదు, టీకా కూడా పడలేదు, అలాగే పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకున్నారు. 1993లో రుబెల్లా ఒక్కసారిగా వ్యాపించి అంత చిన్న దేశంలో 25 మంది పిల్లలు లోపాలతో పుట్టారు. అందుకే అప్పట్లో డబ్ల్యూహెచ్‌ఓ ఏమనేదంటే నూటికి 80 మందికి వేయగలం అన్న నమ్మకం ఉంటేనే షెడ్యూల్లో పెట్టండి, పెట్టేముందు పెద్ద పిల్లలతో సహా అందరికీ ఒకసారి వేసేయండి అని. మన దగ్గర గవర్నమెంట్ షెడ్యూల్లో 1985 నుంచి వీటిలో తట్టు టీకా ఒక్కటే ఉండేది. 2017 ఫిబ్రవరిలో కర్ణాటక, తమిళనాడు లాంటి చోట్ల మొదలుపెట్టి, ఆగస్టులో ఏపీ, తెలంగాణకి వచ్చి, 9 నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ ఎంఆర్ (తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపిన టీకా) వేశారు, దేశం మొత్తం మీద టార్గెట్ 41 కోట్లు. పిల్లలు పుట్టరన్న ప్రచారం ఎక్కువగా కేరళ, తమిళనాడు వైపు తిరిగింది. అదే టీకా ప్రపంచంలో 50 ఏళ్లుగా వేస్తున్నారు, అమెరికాలో వేసుకున్న ఆడపిల్లలకి పిల్లలు పుట్టి వాళ్లకీ పిల్లలు పుట్టారు.

ఇప్పుడు లెక్క వేయండి. 2017 ఆగస్టుకి 15 నిండిపోయినవాళ్లకి, అంటే 2002 ఆగస్టుకి ముందు పుట్టినవాళ్లకి ఆ క్యాంపెయిన్‌లో పడలేదు. చిన్నప్పుడు ప్రైవేట్‌లో డబ్బులు పెట్టి ఎంఎంఆర్ వేయించినవాళ్లు తప్ప మిగతావాళ్లు సహజంగా వచ్చిపోయి ఉంటేనే రక్షణ. పోస్ట్ పెట్టిన అమ్మాయిది సరిగ్గా ఆ వయసే. ఇప్పుడు పెళ్లిళ్లు చేసుకుంటున్నదీ, ప్లానింగ్‌లో ఉన్నదీ ఎక్కువగా ఈ బ్యాచే, పైగా కింద పిల్లలకి టీకాలు పడుతున్నాయి కాబట్టి వీళ్లకి ఇప్పుడు సహజంగా వచ్చే అవకాశం తగ్గింది, వస్తే మాత్రం రాకూడని టైమ్‌లో రావొచ్చు.

ఏఎన్ఎం_జనగామ

మంచిగ చెప్పిన్రు సార్. నేను సబ్‌సెంటర్ల చేస్త. 2017ల స్కూళ్లకు పోయి వేసినం, వేసినంక ఎడమ చేతి బొటనవేలి గోరు మీద మార్కర్ తోటి గీత గీసెటోళ్లం, పిల్లలు ఓట్లేసినం అనుకుంట ఎగిరెటోళ్లు. కొంతమంది తల్లిదండ్రులు ఆ రోజు పిల్లల్ని బడికి పంపలే, మళ్ల ఇంటింటికి తిరిగి పట్టుకున్నం.

మా దగ్గర పెద్దోళ్లకు ఈ టీకా ఉండదమ్మా, పిల్లలకే. తొమ్మిది నెలలు నిండినంక మొదటి ఎంఆర్, దాంతోటి విటమిన్ ఎ చుక్కలు. 16 నుంచి 24 నెలల మధ్యల రెండోది, డీపీటీ బూస్టర్‌తోటి. మొదటిదానికి అందరు వస్తరు, రెండోదానికే మా ప్రాణాలు తీస్తరు. బిడ్డ నడుస్తుండు, ఉరుకుతుండు, ఇంకేం టీకాలు అంటరు. ఎంఆర్ మందు పొడిలెక్క వస్తది, నీళ్లు కలిపినంక 4 గంటలే, ఆ తర్వాత ఎంత మిగిలినా పారేసుడే, వేరే వాటి లెక్క మళ్ల వాడనీకి రాదు. సీసా మీద కలిపిన టైం రాసి ఐస్‌ప్యాక్ మీద పెట్టుకుని కూసుంట, ఒక్క పిల్లగాడు వచ్చినా సీసా ఇప్పమని మాకు ఆర్డర్, మిగిలిందంతా వేస్టే, అయినా ఇప్పుతం. బుధవారం రమ్మంటే బుధవారం రండ్రి, శుక్రవారం వచ్చి లొల్లి చెయ్యకుండ్రి.

ఇంగో ముచ్చట, ఎవరికన్న జ్వరం వచ్చి ఒంటి మీద దద్దుర్లు లేస్తే అమ్మవారని దాచిపెట్టకుండ్రి, మాకో ఆశా అమ్మకో చెప్పుండ్రి. రక్తం తీసి పంపిస్తం, తట్టా రుబెల్లానా తెలుస్తది. కడుపుతోటి ఉన్నోళ్లు ఆ ఇంటి దిక్కు పోవద్దు. ఎవరూ ఏమనరు, గుడికి పోయేటోళ్లు గుడికి పోండ్రి, మాకు గూడ చెప్పుండ్రి.

యోకోహామా_తెలుగోడు

ఆడవాళ్లకే కాదు మగవాళ్లకి కూడా వేయించండి, జపాన్ చేసిన పని చూశాక ఇది చెప్పాల్సిందే. ఇక్కడ 1977 నుంచి చాలా ఏళ్లు జూనియర్ హైస్కూల్ వయసు ఆడపిల్లలకి మాత్రమే రుబెల్లా టీకా వేశారు, గర్భం వచ్చేది వాళ్లకే కదా అని. మగపిల్లల్ని వదిలేశారు. ఆ మగపిల్లలు పెద్దవాళ్లయి ఆఫీసుల్లో, లోకల్ ట్రైన్లలో ఒకరికొకరు అంటించుకుని ఇంటికి తెచ్చారు. 2013లో 14 వేలకి పైగా కేసులు, ఎక్కువమంది పెద్దవాళ్లయిన మగవాళ్లే, ఆ దెబ్బలో 45 మంది పిల్లలు లోపాలతో పుట్టారు. మళ్లీ 2018లో ఇంకోసారి లేచాక గవర్నమెంట్ దిగొచ్చి 1962 నుంచి 1979 మధ్య పుట్టిన మగవాళ్లకి ఫ్రీ టెస్ట్, ఫ్రీ టీకా కూపన్లు ఇంటికి పోస్ట్‌లో పంపింది. మా టీమ్‌లో పెద్దాయనకి వచ్చింది, కవరు డెస్క్ మీదే నెలల తరబడి పడి ఉంది, హెచ్‌ఆర్ అమ్మాయి వెంటపడితే గానీ వెళ్లలేదు. మనవాళ్లు మాత్రం తక్కువా, మా ఆవిడ ప్లానింగ్‌లో ఉన్నప్పుడు నన్ను వేయించుకోమంటే నేనెందుకు అని ఎన్ని సాకులు చెప్పానో ఆవిడనే అడగాలి.

తెనాలి సిస్టర్, మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి. ఆయనకి టెస్ట్ కూడా అక్కర్లేదు, ముందే ఇమ్యూనిటీ ఉన్నా ఇంకో డోస్ పడితే నష్టమేం లేదు.

డాలస్_కోడలు

నాది కొంచెం వేరే కేసు, ప్రెగ్నెంట్ అయ్యాక తెలిసింది వాళ్ల కోసం రాస్తున్నా. ఇక్కడ ఫస్ట్ ప్రీనేటల్ విజిట్‌లోనే రుబెల్లా చూస్తారు, నాకు నాన్ ఇమ్యూన్ అని వచ్చింది. అప్పటికి టీకా వేయరు, లైవ్ కాబట్టి ప్రెగ్నెన్సీలో ఇవ్వకూడదు. డాక్టర్ జ్వరం, దద్దుర్లు ఉన్నవాళ్లకి దూరంగా ఉండు, ఇప్పుడు ఇండియా ట్రిప్ వద్దు అంది, దాంతో మా తమ్ముడి పెళ్లి వీడియో కాల్‌లో చూశా, అమ్మ ఇప్పటికీ సాధిస్తుంది. డెలివరీ అయ్యాక డిశ్చార్జ్ చేసే ముందు చేతికి ఎంఎంఆర్ పొడిచి పంపారు. మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి ఉంది అప్పటికి, బాలింతకి ఇంజెక్షన్ ఏంటి, పాలు చెడిపోతాయి అని నర్స్ మీదకి వెళ్లింది, పాలివ్వొచ్చు ఏం కాదు అని ఆవిడకి నవ్వుతూ చెప్పారు, నేను ట్రాన్స్‌లేషన్. మన దగ్గర కూడా ఇలా కాన్పు తర్వాత వేస్తే రెండో బిడ్డకి భయం ఉండదు కదా, ఎందుకు అడగరో జనం.

గ్రీన్ కార్డ్ మెడికల్‌కి వెళ్లేవాళ్లకి కూడా ఎంఎంఆర్ అడుగుతారు, అప్పటికి ప్రెగ్నెంట్ అయితే ఇప్పుడు ఇవ్వకూడదు అని ఫామ్‌లో రాసుకుంటారు, దానివల్ల అప్లికేషన్ ఆగదు. కంగారు పడి దాచిపెట్టి వేయించుకోకండి.

తెనాలి_అమ్మాయి

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ల్యాబ్‌కోటు గారి రిప్లై మా ఆడపడుచుకి పెద్దగా చదివి వినిపించా, నిన్న సాయంత్రం పెసరట్టు అడిగి వేయించుకుని తిన్నది, అత్తయ్య ముఖం చూడాలి. ఏఎన్ఎం గారిది కూడా చదివా, అత్తయ్యది జనగామ దగ్గరే, ఆ భాష వినగానే ఆవిడకి సగం కోపం పోయింది. మా ఆయన వేయించుకుంటా అన్నాడు, జపాన్ కథ పనిచేసింది.

ఇంకో రెండు డౌట్లు. ఒకటి, పప్పుచారు గారు రెండు డోసులు అన్నారు, నేను కూడా రెండు వేయించుకోవాలా, అలా అయితే రెండు నెలలు ఆగాలా? రెండోది, పీరియడ్ ఇంకా రాలేదు, నాలుగు రోజుల్లో డేట్. ఈలోపే వేయించుకుంటే, తెలియకుండా అప్పటికే ప్రెగ్నెంట్ అయి ఉంటే ఏంటి పరిస్థితి? అలా అయితే తీయించేసుకోవాలని ఎవరో యూట్యూబ్‌లో చెప్తున్నారు, అది విన్నప్పట్నుంచి చెయ్యి చాపాలంటే భయంగా ఉంది.

ల్యాబ్‌కోటు

పెసరట్టు వార్తకి సంతోషం.

రుబెల్లా వరకు ఒక్క డోస్ చాలు, ఒక్క డోస్‌తోనే నూటికి 95 మందికి పైగా రక్షణ వస్తుంది. రెండో డోస్ తట్టు, గవదబిళ్లల కోసం, యూనివర్సిటీలు అడిగేది అందుకే. వేయించుకుంటే మంచిదే, రెండింటి మధ్య 4 వారాలు ఉండాలి, ఆ తర్వాత ఇంకో 4 వారాలు ఆగాలి. మీకు వయసు ఉంది, తొందర లేదు అనుకుంటే రెండూ కానిచ్చేయండి, లేదు ఈ నెల దాటితే ఆగలేం అంటే ఒకటి వేయించుకుని నెలాగి మొదలుపెట్టండి, రెండోది కాన్పు తర్వాత. రెండూ తప్పు కాదు, మీ డాక్టరమ్మతో మాట్లాడి ఏదో ఒకటి ఫిక్స్ అవ్వండి.

రెండో డౌట్‌కి, పీరియడ్ వచ్చాక వెళ్లండి, నాలుగు రోజుల్లో కొంపలేం మునగవు. ఇక తెలియక వేయించుకుంటే తీయించుకోవాలి అన్న యూట్యూబ్ మాట మాత్రం పూర్తిగా తప్పు. గర్భం ఉందని తెలియక ఈ టీకా వేయించుకున్న ఆడవాళ్లని చాలా దేశాల్లో పుట్టేదాకా గమనించారు, టీకా వల్ల రుబెల్లా లోపాలతో బిడ్డ పుట్టిన కేసు ఒక్కటీ బయటపడలేదు. నెల ఆగమనేది కేవలం జాగ్రత్త కోసం. అలా జరిగితే డాక్టర్‌కి చెప్పి మామూలుగా ఫాలోఅప్ చేయించుకోవడమే, తీయించుకోమని ఎవరైనా అంటే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు స్టెరాయిడ్లు ఎక్కువ డోసులో వాడుతున్నా, ఒంట్లో ఇమ్యూనిటీ బాగా తగ్గించే మందులు వాడుతున్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ముందే చెప్పండి. అవేవీ లేకపోతే ఏ క్లినిక్‌లోనైనా ఐదు నిమిషాల పని. సీసా మీద ఉండే బ్యాచ్ నంబర్ స్టిక్కర్ పీకి ప్రిస్క్రిప్షన్ మీద అంటించమని అడగండి, డేట్, సంతకం వేయించుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి మెయిల్‌కి పంపుకోండి. రేపు కాన్పు వేరే ఊళ్లో అయినా, అమెరికా వెళ్లినా, ఈ టెస్ట్ మళ్లీ చేయించమని ఎవరైనా అన్నా ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది.

పప్పుచారు_99

ఆ కాగితం సంగతి మాత్రం నిజం, నాది పోగొట్టుకుని ఇక్కడికొచ్చాక టైటర్ టెస్ట్‌కి (రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసేది) డాలర్లు తగలేశా. మీ ఆయన్ది కూడా ఫోటో తీసిపెట్టు, మగాళ్లు అస్సలు దాచరు.

తెనాలి_అమ్మాయి

ఓకే అండీ, డేట్ వచ్చాక శనివారం ఇద్దరం వెళ్తాం. అత్తయ్య కూడా వస్తానంటున్నారు, ఆవిడకి వేయరు అని చెప్పినా వినట్లేదు 😄